కాలి మీద తెల్ల గీత పడుతోందా? చామనఛాయ ఒంటికి చలికాలం జాగ్రత్తలు

ఒక పని చేయండి. మోకాలి కింద, ముందువైపు ఎముక తగిలే చోట గోరుతో మెల్లగా ఒక గీత గీయండి. ఏమీ పడలేదంటే ఇది తీరిగ్గా చదువుకోవచ్చు. ముగ్గుపిండితో గీసినట్టు తెల్లగా పడిందంటే మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టాలి.

చిన్నప్పుడు శ్రీకాకుళంలో మా బడిలో కార్తీకం దాటిందంటే మాకు ఇదే ఆట. వెనక బెంచీలో కూర్చుని కాళ్ల మీద పేర్లు రాసుకునేవాళ్లం, రెండో ఎక్కం రాసుకునేవాళ్లం, ఉమ్మి తడితో చెరిపేసేవాళ్లం. కాస్త తెల్లగా ఉండే పిల్లల కాళ్ల మీద అక్షరాలు సరిగ్గా కనబడేవి కావు. నా కాళ్ల మీద మాత్రం అచ్చం పలక మీద రాసినట్టే ఉండేది. ఇంటికి వెళ్తే మా మామ్మ చూసి, "ఏటే, బూడిదలో పొర్లొచ్చినావేటి?" అనేది.

పలకతో పోలిక ఊరికే చెప్పలేదు. తడి గుడ్డతో తుడిచిన పలక నల్లగా నిగనిగలాడుతుంది. ఆరిపోయి సుద్దపొడి పట్టాక అదే పలక బూడిద రంగులో ఉంటుంది. పలక రంగు ఏమీ మారలేదు. మన ఒంటికి జరిగేదీ అదే. చర్మం పైపొరలో చచ్చిన కణాలు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సున్నంలాగా కొవ్వు ఉంటుంది. గాలిలో తేమ తగ్గి, వేడినీళ్లూ సబ్బూ కలిసి ఆ కొవ్వును కడిగేస్తే ఇటుకల అంచులు లేస్తాయి. లేచిన పొట్టు మీద వెలుతురు చెదిరి తెల్లగా కనబడుతుంది. ఇది అందరి ఒంటికీ జరిగేదే, కాకపోతే నల్లటి ఒంటి మీద దాగదు.

ఇంకో సంగతి తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఒంటికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్లకూ మనకూ లెక్కలో దాదాపు సమానమే. మన కణాలు ఎక్కువ తయారుచేస్తాయి, పైగా కొంచెం రెచ్చగొడితే చాలు, ఇంకా ఎక్కువ చేస్తాయి. గోకినా, కాలినా, మొటిమ గిల్లినా అక్కడ నల్ల మచ్చ పడుతుంది. దురద వారంలో పోతుంది, మచ్చ ఆర్నెల్లు ఉంటుంది. కాబట్టి కింద చెప్పేదంతా ఒక్కదాని కోసమే: ఒళ్లు పొడిబారకుండా, దురద పుట్టకుండా, గోకే అవసరం రాకుండా చూసుకోవడం. తెల్లబడే చిట్కాల కోసం వచ్చినవాళ్లకు ఇక్కడ ఏమీ దొరకదు, ముందే చెప్పేస్తున్నాను.

మొదట నీళ్లు

మన దగ్గర చలి మరీ కొరికేదేం కాదు. కళింగపట్నం, భావనపాడు వైపు పొద్దెక్కితే చలి మాటే గుర్తుండదు. 2022లో మన్యం జిల్లాలోకి వెళ్లిపోయిన పాలకొండ, పార్వతీపురం వైపు మాత్రం కొండగాలికి తెల్లవారుజామున పళ్లు టకటకలాడతాయి. అయితే ఒళ్లు పగలడానికి అంత చలి కూడా అక్కర్లేదు. సముద్రం మీంచి వచ్చే తడిగాలి తగ్గి, లోపలి నుంచి పొడిగాలి వీచడం మొదలైతే చాలు. మిగిలిన పని మనం పోసుకునే వేణ్ణీళ్లు చేసేస్తాయి. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగాక ఇళ్లలో వేణ్ణీళ్లు మొదలవుతాయి. రథసప్తమి దాకా ఆగవు.

నీళ్లు ఎంత వేడి ఉండాలంటే, బకెట్లో మోచెయ్యి పెట్టి చూడండి. పసిబిడ్డకు పోసేముందు చూస్తామే, అలాగే. మోచేతికి గోరువెచ్చగా తగిలితే చాలు, చురుక్కుమంటే చన్నీళ్లు కలపండి. రాడ్ పెట్టి కాచుకునేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే చెయ్యి పెట్టాలని మళ్లీ చెప్పనక్కర్లేదు కదా. స్నానం పది నిమిషాల్లో అయిపోవాలి. ఒంటి మీద వేడినీళ్లు పడుతుంటే హాయిగానే ఉంటుంది, నాకూ తెలుసు. దురద ఉన్నవాళ్లకు మరీ హాయిగా ఉంటుంది, ఎందుకంటే వేడి కాసేపు దురదను మరిపిస్తుంది. గంట తర్వాత అది రెండింతలై తిరిగొస్తుంది.

రెండు పూటలా స్నానం అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు, సాయంత్రం పూట సబ్బు మానండి. నాగావళిలో కార్తీక స్నానం చేసేవాళ్లకు చన్నీళ్ల వల్ల చర్మానికి నష్టమేమీ లేదు. ఒడ్డున తడిబట్టలతో నిలబడి గాలికి ఆరడమే చేటు. ఒక పొడి తువ్వాలు, చిన్న కొబ్బరినూనె సీసా సంచిలో పెట్టుకెళ్లండి.

సబ్బు సంగతి. మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. మన చర్మం 5 దగ్గర ఉంటుంది. ఒళ్లంతా రుద్దితే ఆ కొవ్వు పొర లేచిపోయేది అందుకే. చంకలు, గజ్జలు, పాదాలు, అరచేతులు, ఇక్కడ సబ్బు రాయండి. కాళ్లు, చేతులు, వీపు మీద నురగ జారిపోతే చాలు, మళ్లీ ప్రత్యేకంగా రుద్దక్కర్లేదు. సబ్బు కొనేటప్పుడు కవరు వెనక్కి తిప్పి టీఎఫ్ఎం, అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెప్పే అంకె చూడండి. 76 శాతం, ఆపైన ఉంటే అది మొదటి గ్రేడు టాయిలెట్ సోప్. 'బాతింగ్ బార్' అని రాసి ఉన్నవాటిలో అది చాలా తక్కువ ఉండొచ్చు. అయితే టీఎఫ్ఎం ఎక్కువ ఉన్నంత మాత్రాన అది పొడి ఒంటికి పడుతుందని కాదు. మీకు బాగా పగులుతుంటే సబ్బు కాని సబ్బులు, సిండెట్ బార్లని మందుల షాపుల్లో ఉంటాయి, అవి తెచ్చుకోండి. మీది బోరునీళ్లయితే, ఎంత రుద్దినా నురగ రాకపోతే, ఆ నీళ్లలో సబ్బు విరిగి ఒంటి మీద పొరలా అంటుకుంటుంది. అలాంటి ఇళ్లలో సిండెట్ ఇంకా నయం.

ఇక పీచు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్లలో నల్లపిల్లలకు జరిగే అన్యాయం ఎక్కువగా దీనితోనే జరుగుతుంది. నైలాన్ పీచుతో, గరుకు తువ్వాలుతో రోజూ వీపూ భుజాలూ రుద్దితే అక్కడ అలలు అలలుగా నలుపు తేలుతుంది. అది రాపిడి వల్ల వచ్చే నలుపు. మట్టి అనుకుని ఇంకా రుద్దుతాం, ఇంకా నల్లబడుతుంది. పీచు మానేస్తేనే అది నెమ్మదిగా తగ్గుతుంది. మెడ వెనకాల, చంకల్లో దళసరిగా, ముట్టుకుంటే మఖ్మల్‌లా తగిలే నలుపు ఉంటే అది కూడా మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు వస్తుంది. బరువు ఎక్కువున్న పిల్లల్లోనూ కనిపిస్తుంది. రుద్దడం ఆపి షుగరు పరీక్ష చేయించండి.

సున్నిపిండి మానమని చెప్పను, చెప్పినా మీరు వినరు. వారానికోసారి, పండగనాడు చేసుకోండి. పిండి మెత్తగా జల్లించాలి, మరీ పొడిగా కాకుండా పాలతోనో పెరుగుతోనో జారుగా కలపాలి, రుద్దకుండా పూసి కడిగేయాలి. ఒక్క జాగ్రత్త. పాతకాలపు సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు బావంచాలు కూడా వేసి పట్టిస్తారు. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. ఎండ తగిలితే చర్మాన్ని నల్లబరిచే గుణం దానిది. బొల్లికి డాక్టర్లు సొరాలెన్ మందులిచ్చి కాంతి చికిత్స చేసేది ఆ గుణం వల్లే. పూసి వెంటనే కడిగేస్తే పెద్దగా ఫరవాలేదు. ప్యాక్‌లా ముఖానికి పట్టించి పెరట్లో ఎండలో ఆరబెట్టుకుంటే మాత్రం తెల్లబడదామనుకున్న ముఖం మచ్చలు తేలుతుంది. నిమ్మరసానిదీ ఇదే కథ. నిమ్మచెక్క మోచేతులకు రుద్దుకుని ఎండలోకి వెళ్లకండి. పట్టించేటప్పుడు బావంచాలు వేయొద్దని చెప్పండి, సున్నిపిండికి వచ్చే లోటేమీ లేదు.

తువ్వాలుకూ సీసాకూ మధ్య

అసలు పని ఇక్కడుంది. స్నానమయ్యాక ఒళ్లు తుడుచుకుంటాం, బట్టలు వేసుకుంటాం, తల దువ్వుకుంటాం, కాఫీ తాగుతాం, అప్పుడు నూనె గుర్తొస్తుంది. అప్పటికి ఒంటి మీది తడి ఆరిపోయింది. తడి ఒంటి మీద నూనె రాస్తే ఆ తడిని లోపల పట్టి ఉంచుతుంది. ఆరిన ఒంటి మీద రాస్తే జిడ్డుగా మెరుస్తుంది, అంతే. మూడు నిమిషాల్లోపు రాయాలని డాక్టర్లు చెప్తారు. కాబట్టి సీసా బాత్‌రూమ్‌లోనే ఉండాలి.

ఎలాగంటే, తువ్వాలుతో తుడవకండి, అద్దండి. ఒంటి మీద తడి కొంచెం మిగలాలి. అరచేతిలో కొబ్బరినూనె అయిదారు చుక్కలు వేసుకుని, తడి చేతులతోనే రెండు అరచేతులూ కలిపి రుద్దండి. నూనె, నీళ్లు కలిసి క్షణంసేపు పాలలాగా తెల్లగా అవుతుంది. అలా ఉండగానే కాలి మీద మోకాలి నుంచి కిందికి, వెంట్రుకలు వాలిన వైపే లాగండి. ఎదురు రుద్దితే వెంట్రుకల కుదుళ్లలో చిన్న చిన్న పొక్కులు వస్తాయి. ఒక కాలికి ఆ ఆరు చుక్కలు. రెండో కాలికి మళ్లీ ఆరు. ముందు కాళ్లు, తర్వాత చేతులు, నడుము, వీపు అందినంత. ముఖం చివర. కాళ్లు ఎందుకు ముందంటే, ఒంట్లో అన్నిటికన్నా తక్కువ నూనె పుట్టేది అక్కడే, ముందు పగిలేదీ అదే.

డిసెంబరు వచ్చాక కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టేస్తుంది. 24 డిగ్రీల కిందికి వెళ్తే అది గట్టిపడుతుంది, చెడిపోవడం కాదు. దాన్ని స్టవ్ మీద పెట్టకండి. ముందురోజు రాత్రి వెడల్పు మూతి ఉన్న డబ్బాలోకి పోసి పెట్టుకుంటే వేలితో గీరి తీసుకోవచ్చు. లేదంటే స్నానానికి వెళ్లేముందు వేణ్ణీళ్ల చెంబులో సీసా నిలబెడితే తయారయ్యేసరికి కరుగుతుంది. మా వీధిలో ప్రతి ఇంటి ప్రహరీ మీదా పొద్దున ఎనిమిదింటికి ఒక సీసా ఎండ కాస్తుంటుంది, సరిగ్గా కావలసినప్పుడు మాత్రం అది బాత్‌రూమ్‌కు దూరంగా ఉంటుంది.

ఇంతకీ నూనా, క్రీమా, వ్యాజిలినా? నూనెలూ వ్యాజిలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ లోపలి తడిని బయటికి పోకుండా మూత వేస్తాయి. గ్లిజరిన్, యూరియా ఉన్న క్రీములు తడిని పట్టి లాగి నిలబెడతాయి. గీత పడే దశలోనే ఉన్నవాళ్లకు కొబ్బరినూనె చాలు. చేపపొలుసులాగా పొట్టు లేచే దశకు వెళ్తే, ముందు క్రీము రాసి దాని మీద సన్నగా పెట్రోలియం జెల్లీ రాయండి. పెట్రోలియం జెల్లీ అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా గట్టి మూత. జిడ్డని దాన్ని చిన్నచూపు చూస్తాం. గ్లిజరిన్ ఒక్కటే రాసుకునేవాళ్లు సగానికి సగం నీళ్లు కలుపుకోండి, లేకపోతే జిగురుగా ఉండి దుమ్ము పడుతుంది. ఆముదం మరీ చిక్కన, మడమలకు పనికొస్తుంది. ఇచ్ఛాపురం వైపు ఒడిశా అలవాటుతో ఆవనూనె రాసుకునే ఇళ్లున్నాయి. అది చర్మపు పైపొరను దెబ్బతీస్తుంది, పసిపిల్లలకు అసలు వద్దు. ఖరీదు పెట్టి తెచ్చే ఆలివ్ నూనె కూడా ఒంటికి రాయడానికి అంత మంచిదేమీ కాదు, వంటలో వేసుకోండి.

ముఖం మీద మొటిమలు వచ్చేవాళ్లు కొబ్బరినూనె ముఖానికి రాయకండి. పల్చటి లోషన్, వాసన లేనిది, చాలు.

రాత్రి పడుకునేముందు ఇంకోసారి కాళ్లకూ చేతులకూ రాయండి. ఇది పదిరోజులు చేశాక మళ్లీ గోరు గీత గీసి చూడండి.

స్వెట్టర్, నెగడు

ఉన్ని స్వెట్టర్ నేరుగా ఒంటికి తగిలితే గుచ్చుకుంటుంది, దురద. లోపల నూలు బట్ట ఉండాలి. పొందూరు మన పక్కనే ఉండగా వేరే చెప్పాలా. అక్కడ ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, ఆ సన్ననూలు ఖద్దరు చర్మానికి ఎంత మెత్తగా ఉంటుందో కట్టినవాళ్లకు తెలుసు. అంత పెట్టలేకపోతే పాత నూలు బనీను, ఉతికి ఉతికి మెత్తబడినదైతే మరీ మంచిది.

చలి కాచుకునేవాళ్లకు ఒక మాట. పొలం కళ్లంలో ధాన్యానికి కాపలా ఉండేవాళ్లు, ఇంటి ముందు నెగడు వేసుకునే పెద్దవాళ్లు రోజూ ఒకే వైపు కాళ్లు చాపి కూర్చుంటారు. కొన్నాళ్లకు కాళ్ల మీద వల పరిచినట్టు నల్లటి గీతలు తేలతాయి. కాలలేదు, బొబ్బ రాలేదు, అయినా వేడి చేసిన పని అది. రోజూ ఒళ్లో హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకునేవాళ్లకూ పొట్ట మీద ఇలాగే వస్తుంది. కొంచెం దూరం జరగండి, కాళ్ల మీద దుప్పటి కప్పుకోండి. ఏడాదికోసారి వచ్చే భోగి మంటతో నల్లబడిపోరు, దాని దగ్గర పిల్లల బట్టలు చూసుకుంటే చాలు.

ఎండ

అరసవల్లి మన ఊళ్లోనే ఉంది కాబట్టి సూర్యుడితో మనకు తగువు లేదు. కాని చలికాలం ఎండ హాయిగా ఉంటుంది కనుక వేసవిలో కన్నా ఎక్కువసేపు అందులో కూర్చుంటాం. పిట్టగోడ మీద, వాకిట్లో, వీధి అరుగు మీద గంటలు గడిచిపోతాయి. డిసెంబరు మధ్యాహ్నపు ఎండ కూడా మచ్చల్ని ముదరబెట్టగలదు.

నల్లటి ఒంటికి మెలనినే గొడుగు, సన్‌స్క్రీన్ ఎందుకని అడుగుతారు. ఎండకు కందిపోవడం మనకు తక్కువే, నిజం. మచ్చల విషయంలో మాత్రం ఆ గొడుగు చాలదు. చెంపల మీద మంగు ఉన్నవాళ్లు, మొటిమ మచ్చలున్నవాళ్లు రోజూ రాయాలి. ఎస్‌పీఎఫ్ 30, ఆపైన ఉన్నది. చూపుడు వేలు, మధ్య వేలు రెంటి పొడవునా పిండుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. పెసరగింజంత రాసి పనిచేయలేదంటే ఎలా? ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతోందని మానేసేవాళ్లు లేతరంగు కలిపినది అడగండి. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది. మామూలు సన్‌స్క్రీన్ ఆపలేని వెలుతురును కూడా అది కొంత ఆపుతుంది, మంగు ఉన్నవాళ్లకు అదే మేలు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

కొనలేనివాళ్లకు, పొలంలో చెమట పట్టేవాళ్లకు నెత్తిన కొంగు, తలపాగా, నిండు చేతుల చొక్కా. వాటికి మించింది లేదు.

విటమిన్ డి కోసం ఎండ కావాలి, అందులోనూ నల్లటి ఒంటికి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి. ముఖాన్ని నీడలో పెట్టి కాళ్లూ చేతులూ ఎండలో పెట్టండి. తగువు తీరిపోతుంది.

రథసప్తమినాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసేటప్పుడు ఆకు తుంచిన చోట కారే పాలు కడిగేసి పెట్టుకోండి. జిల్లేడు పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లలకు పెట్టేటప్పుడు మరీను.

మచ్చ పడ్డాక

ఇది నా సొంత బుద్ధితక్కువ కథ. చాలా ఏళ్ల కిందట, మాఘమాసంలో పెళ్లి ఒకటుంది. చెంప మీద మొటిమ గిల్లిన మచ్చ. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చి, "రాత్రి రాసుకోండమ్మా, వారంలో క్లియర్" అన్నారు. నిజంగానే వారంలో ముఖం మెరిసింది. పెళ్లిలో అందరూ అడిగారు. నెల వాడి మానేశాను. మానిన నాలుగో రోజు ముఖం కారం పూసినట్టు మండింది, ఎండలోకి వెళ్తే సూదులు గుచ్చినట్టు ఉండేది, ముఖమంతా మొటిమలు, పై పెదవి మీద నూగు. మళ్లీ రాస్తే తగ్గింది. అక్కడే భయమేసింది. డాక్టరమ్మ ట్యూబు తిప్పి చిన్న అక్షరాలు చూపించింది. అందులో స్టెరాయిడ్ ఉంది. పూర్తిగా మామూలు కావడానికి ఏడాది పైన పట్టింది. మొదటి మచ్చ దానంతట అదే ఆర్నెల్లలో పోయేది.

కాబట్టి ట్యూబు కొనేముందు వెనక ఉన్న పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, ఈ నాలుగింట్లో ఏదున్నా అది స్టెరాయిడ్. ఎగ్జిమాలాంటి దురదలకు డాక్టరు రాసినప్పుడు రాసినన్నాళ్లు వాడితే మంచి మందే. ముఖం తెల్లబడడానికి వాడితే పైపొర పల్చబడిపోతుంది. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా అడగ్గానే చేతిలో పెట్టేస్తారు. తామర మీద రాస్తే ఇంకా గొడవ. దురద తగ్గుతుంది, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది.

పేరూ ఊరూ లేని డబ్బాల్లో అమ్మే తెల్లబడే క్రీములు అసలు ముట్టుకోకండి. వాటిలో కొన్నిటిలో పాదరసం ఉంటుంది, అది చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లి కిడ్నీలను పాడుచేస్తుంది. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ఉన్న జిల్లాలో కిడ్నీ గురించి వేరే చెప్పాలా? మచ్చలకు రాసే హైడ్రోక్వినోన్ మందు కూడా డాక్టరు చూడకుండా ఏళ్ల తరబడి వాడితే నీలం కలిసిన నలుపు పట్టి, మరి వదలదు. 2020లో ఒక పెద్ద క్రీము పేరులోంచి 'ఫెయిర్' మాట తీసేసి 'గ్లో' అని పెట్టారు. మన పెళ్లిచూపుల్లో ఆ మాట ఇంకా తీయలేదు.

మచ్చకు చేయాల్సింది తక్కువ. గిల్లకండి, రోజూ సన్‌స్క్రీన్, రోజూ తేమ. ఇంకా కావాలంటే నియాసినమైడ్, అజెలాయిక్ యాసిడ్ ఉన్నవి నల్లటి ఒంటికి నెమ్మదిగా పనిచేస్తాయి, పడతాయి. నెలలు పడుతుంది.

మడమలు, చేతులు, పెదాలు

కోతలు, నూర్పులు అయ్యేసరికి మడమల్లో రూపాయి బిళ్ల దూరేంత పగుళ్లు. ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో పావుగంట పెట్టి, మెత్తబడ్డాక రాయితో పైపైన రుద్ది, తడి మీదే యూరియా 20 శాతం క్రీము, లేదా ఆముదం రాసి, నూలు మేజోళ్లు వేసుకుని పడుకోండి. వారంలో తేడా కనబడుతుంది. బ్లేడుతో కోయొద్దు. షుగరున్నవాళ్లు నానబెట్టడం, రాయి రెండూ వద్దు. స్పర్శ తక్కువ ఉంటే నీళ్లు ఎంత వేడో తెలియదు. క్రీము రాసుకుని, పగులు లోతుగా ఉంటే డాక్టరుకు చూపించండి.

నూర్పిళ్లలో వరి నూగు పడి ఒళ్లంతా దురద పెడితే గోకకుండా ముందు నీళ్లు పోసుకోండి. పనికి వెళ్లేముందే చేతులకూ మెడకూ పల్చగా నూనె రాసుకుంటే నూగు అంతగా అంటదు.

పలాస, కాశీబుగ్గ జీడిపిక్కల పనివాళ్ల చేతులు చూసే ఉంటారు. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది, వేళ్లు నల్లబడి పొరలు లేస్తాయి. చలికాలం దానికి పగుళ్లు తోడైతే పిండి కలుపుకోవడం కూడా కష్టం. పనికి ముందు చేతులకు కొబ్బరినూనె దళసరిగా, మీద గ్లవ్స్. పనయ్యాక సబ్బుకన్నా ముందు మళ్లీ నూనెతో తుడిచి, తర్వాత కడగాలి. జీడిచేత్తో ముఖం, కళ్లు తాకకూడదు.

పెదాలు ఎండుతున్నాయని నాలుకతో తడపకండి, చుట్టూ నల్లటి వలయం పడుతుంది. వెన్న, నెయ్యి, పెట్రోలియం జెల్లీ, ఏదైనా సరే.

పిల్లలకు

చలికాలంలో పిల్లల బుగ్గల మీద పాలిపోయిన తెల్లటి మచ్చలు, అంచు తెలియకుండా, పైన సన్నటి పొట్టుతో వస్తాయి. కడుపులో నులిపురుగులనీ, కాల్షియం తక్కువనీ, బొల్లి అనీ ఇంట్లో తలా ఒక మాట అంటారు, తల్లికి టెన్షన్. చాలావరకు అది పొడి చర్మమే. రోజూ రెండుపూటలా ముఖానికి తేమ క్రీము రాస్తూ ఉంటే పొట్టు తగ్గుతుంది. రంగు కలవడానికి కొన్ని నెలలు పడుతుంది. బొల్లి మచ్చ ఇలా మసకగా ఉండదు, సున్నంలా తెల్లగా, అంచు గీసినట్టు ఉంటుంది.

ఇంకో పరీక్ష తప్పకుండా చేయండి, పెద్దవాళ్లలో కూడా. పిల్లను కళ్లు మూసుకోమని, చిన్న దూది ముక్కతో మచ్చను తాకండి. ఎక్కడ తాకారో వేలితో చూపించాలి. మచ్చ మీద తాకినప్పుడు మాత్రమే తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు, ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. కుష్ఠుకు మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, మొదట్లో పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది.

దురద రాత్రిపూట ఎక్కువవుతూ, వేళ్ల సందుల్లో పొక్కులు ఉండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురు గోక్కుంటుంటే అది చలి పొడి కాదు, గజ్జి. దానికి నూనె పనికిరాదు. ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు రాసుకోవాలి, దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉతకాలి.

డాక్టరు దగ్గరికి

నెలరోజులు తేమ సరిగ్గా పట్టించినా దురద తగ్గకపోతే లోపల ఏదో ఉందేమో చూడాలి. థైరాయిడ్ తక్కువైతే ఒళ్లు పొడిబారుతుంది, షుగరుకూ దురద వస్తుంది. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానంలో ఉన్నవాళ్లు మరీ గుర్తు పెట్టుకోండి. కిడ్నీ దెబ్బతిన్నా ఒళ్లంతా పొడిగా అయి దురద పుడుతుంది, పొక్కులేమీ కనబడవు. చలికి అనుకుని నూనె రాస్తూ కూర్చోకుండా సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి, దాని కోసం విశాఖ దాకా పరిగెత్తక్కర్లేదు.

చర్మం డాక్టరు దగ్గర ఒక ఇబ్బంది ఉంది. పుస్తకాల్లో వాపు ఉన్న చర్మం ఎర్రగా ఉంటుందని రాసి ఉంటుంది. మన ఒంటి మీద ఆ ఎరుపు కనబడదు, ఊదా రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటుంది. "ఏమంత లేదే" అని పంపేస్తే, ముట్టుకుని చూడమని మీరే అడగండి. వేడిగా ఉందో, దళసరిగా ఉందో చేతికి తెలుస్తుంది. మచ్చ మొదట కనబడ్డ రోజు పగటి వెలుతురులో ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచండి, పక్కనే మామూలు చర్మం కూడా పడేలా. ఫోనులో అందం పెంచే ఫిల్టర్ ఆపేసి తీయండి, లేకపోతే మచ్చే కనబడదు. వెళ్లే రోజు ఏమీ రాసుకోకుండా వెళ్లండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, డబ్బాలు, పక్కింటి పిన్నిగారు ఇచ్చినదాంతో సహా అన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, ఖాళీవైనా సరే.